తస్బీ తిరిగేంత సేపు

బల్ల మీద బోర్లించిన పిండిజున్ను నిలబడలేదు. గిన్నె ఎత్తగానే ఒక్క క్షణం గుండ్రంగా ఉన్నట్టే ఉండి, మెల్లగా నడుము విరిగి, నాలుగు వైపులా జారి, కింద నీరు వదిలింది. రుక్యే చిల్లుల రేకు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది. ఆ రేకుతో గీకితే జున్ను పొడుగాటి పోగులుగా రావాలి. ఇది గరిటెతో తోడుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

"మళ్ళీనా?" అంది హేవర్ అత్త.

బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. కరకోల్ బజారులో ఈ జున్ను పోగుల్ని సేమ్యాతో పులుపు రసంలో వేసిచ్చే అష్లాన్‌ఫూ అమ్మే సందంతా కలిపి బారెడు వెడల్పు ఉండదు. ఒక కొట్టులో దగ్గితే నాలుగు కొట్లకి వినబడుతుంది. పక్క కొట్టామె కారం నూరడం ఆపి మెడ సాచింది.

చలికాలంలో జారిపడ్డప్పటినుంచి అత్త కుడిభుజం పైకి లేవదు. ఎడమచేత్తోనే కళాయిలోని తెడ్డు తీసి, అంచుకేసి ఒకసారి తట్టి, పెద్దకోడలు ఐషెర్ చేతిలో పెట్టింది.

"రేపటినుంచి నువ్వు కలుపు. ఈ పిల్ల గిన్నెలు కడుగుతుంది, పిరోష్కీ రొట్టెలు వేయిస్తుంది. దీనికి హస్తవాసి లేదు."

"అత్తా, మీరు చెప్పినట్టే చేశాను."

"నేను చెప్పినట్టే చేస్తే నాకు కుదిరినట్టే కుదరాలిగా! మా అత్త చేతినుంచి ఈ తెడ్డు నా చేతికొచ్చింది. ఒక్కనాడూ నా జున్ను నీరు వదల్లేదు. నువ్వు కాలు పెట్టిన చలికాలం నుంచే ఈ ఏడుపు."

ఏడ్చేది జున్నో తనో ఆ మాటలో తేలలేదు గానీ, రుక్యేకి కళ్ళు మండాయి. తలగుడ్డ ముందుకి లాక్కుని వెనక్కి జరిగింది.

"హేవరక్కా, పిల్లని తర్వాత కోప్పడు, ముందు నా గిన్నె పొయ్యి" అన్నాడు తుర్దుబెక్. అతను బిష్కెక్‌కి వ్యాను నడుపుతాడు. పొద్దున్నే ఇక్కడ తిని, సరస్సు ఒడ్డుదారిన పడి వెళ్ళడం అతనికి ఏళ్ళ అలవాటు. "అయినా జున్ను నిలబడితే ఏంటి, పడుకుంటే ఏంటి. ఈ మధ్య నీ కొట్టులో ఏది తిన్నా నాకు ఒకటే. ఇదివరకు ఒక గిన్నె తింటే బిష్కెక్ దాకా కడుపు సంగతి గుర్తొచ్చేది కాదు. ఇప్పుడు దారిలో చోల్పోన్‌అతా ఊరు రాకముందే ఆకలి. దానికంటే ముందు కళ్ళు మూతలు పడతాయి. అసలే షుగర్ మనిషిని. వెనకాల జనాన్ని పెట్టుకుని కునుకు తీస్తే సరస్సులో తేల్తాం."

"వయసు మీద పడుతోంది నీకు. మా జున్నేం చేస్తుంది?"

"వయసు నాకొక్కడికే పడుతోందా? చూడు, మీ బెంచీలో సగం జనం ఆ చివరి కొట్టుకెళ్ళిపోయారు. వాళ్ళందరికీ ఒకేసారి ముసలితనం వచ్చిందా?"

అత్త మూతి ముడుచుకుని, అతని గిన్నెలో పులుపు రసం ఇంకో గరిటె ఎక్కువ పోసింది.

*

ఆ ఇంట్లో పిండిజున్నుకి గడియారం లేదు, తస్బీ పూసల దండ ఉంది. నీళ్ళు తెర్లగానే, చన్నీళ్ళలో కలిపిన గంజిపిండిని సన్నటి ధారగా పోస్తూ తెడ్డు తిప్పాలి. ఎడమచేతిలో తస్బీ పట్టుకుని పూసకొక సలవాత్ చదువుతూ, దండ మొత్తం తిరిగేదాకా ఆపకూడదు. చెయ్యి నొప్పెట్టినా ఆపకూడదు. ప్రవక్త పేరు మీద దీవెన పలుకుతూ చేసిన తిండి తిన్నవాడికి అరుగుతుందని అత్త నమ్మకం. రుక్యేకీ అదే నమ్మకం. పెళ్ళయి వచ్చిన మొదటి వారమే తెడ్డు తన చేతికి వచ్చినప్పుడు ఆమె ఎంత పొంగిపోయిందో! ఒక్క పూస వదలకుండా, ఒక్క పలుకు మింగకుండా చదివింది. జున్ను పలచబడేకొద్దీ ఇంకా శ్రద్ధగా చదివింది. అది ఇంకా పలచబడింది.

మర్నాడు ఐషెర్ కళాయి దగ్గర నిలబడింది. రుక్యే గిన్నెలు తోముతూ ఓరగా చూసింది. ఐషెర్ తస్బీ మణికట్టుకి చుట్టుకుంది. పెదాలు కదుపుతూనే పక్క కొట్టామెతో వాళ్ళ మరదలి పెళ్ళికి కొన్న కుట్టుపువ్వుల చెప్పుల గురించి మాట్లాడింది. రెండుసార్లు తెడ్డు వదిలి ఫోను చూసుకుంది. పూసలు గుప్పెట్లో నాలుగేసి చొప్పున జారిపోయాయి. దండ సగం కూడా తిరక్కుండానే "అబ్బా, నా జబ్బ" అంటూ కళాయి దించేసి గిన్నెల్లో పోసింది.

చల్లారాక బోర్లిస్తే జున్ను నిలబడింది.

"చూశావా? చెయ్యంటే అదీ!" అంది అత్త.

మధ్యాహ్నం నమాజుకి కొట్టు వెనక చాప పరుచుకున్నప్పుడు రుక్యే మనసు నిలవలేదు. నుదురు నేలకి ఆనించి చాలాసేపు లేవలేదు. "నీ ప్రవక్త మీద సగం దీవెనలు ఎగ్గొట్టినామెకి కుదిరింది. అన్నీ చదివినదాన్ని నాకు కుదరలేదు. నా చదవడంలో లోపముందా, నా చేతిలోనా? నాకు తెలిసేలా చెప్పు" అని అడిగింది. అడిగినందుకు భయపడింది కూడా.

సాయంత్రం గిన్నెలు సర్దుతుంటే ఐషెర్ పక్కన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తూ అంది:

"ఏమే చెల్లీ, మొహం అలా మాడ్చుకుంటావేం? నీకొక రహస్యం చెప్పనా? నువ్వు మరీ మంచిదానివి, అదీ నీ జబ్బు. సగం దండకి దించెయ్యి. అంతకంటే కలిపితే నీళ్ళయిపోతుంది ఆ పిండి. నేను ఇవాళే కనిపెట్టాను."

"మరి అత్తకి చెప్పలేదేం?"

"చెప్తే సలవాత్ ఎగ్గొట్టానని తెలీదూ? చంపేస్తుంది." నవ్వి, గింజ నోట్లో వేసుకుంది. "అల్లాకి తెలుసులే నా జబ్బ సంగతి. రేపు నేను జ్వరమంటాను. నువ్వు కలుపు. సగానికి దించు. తెడ్డు మళ్ళీ నీకొచ్చేస్తుంది. నాకు దాంతో పనేంటి, చేతులు లాగేస్తున్నాయి."

ఎంత తేలిక! రుక్యే చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

*

ఇల్లు చేరాక అత్త సాయంత్రపు ఆసర్ నమాజు చేసుకుని నడుం వాల్చిన వేళ, రుక్యే ఇంట్లో చిన్న పొయ్యి ముట్టించింది. బజారు బస్తాలోని పిండి తీసి రెండు చిన్న గిన్నెల్లో కాచింది. ఒకదాన్ని సగం తస్బీకి దించింది. రెండోదాన్ని దండ పూర్తయ్యేదాకా తిప్పింది. కళ్ళ ముందే అది గట్టిగా చిక్కబడి, మెరిసి, ఆ తర్వాత తెడ్డు తిరిగేకొద్దీ సాగుతూ పలచబడింది. ఐషెర్ అన్నది నిజమే.

వేళ్ళ మధ్య పొడి పిండి నలిపింది. కొత్తమంచు మీద బూటు వేసినట్టు కిరకిరమంది. అది బంగాళాదుంప పిండి. పుట్టింట్లో అమ్మ పులుసు చిక్కబరచడానికి చిటికెడు వేసేది. అదెప్పుడూ చివర్లో వేసి, ఒక్క పొంగు రాగానే దించేసేది. ఆ సంగతి రుక్యేకి ఇప్పుడు గుర్తొచ్చింది.

మరి అత్త అన్నేళ్ళు దండ మొత్తం తిప్పింది దేన్ని?

సామాన్ల గదిలో మేకుకి పాత గుడ్డసంచులు వేలాడుతున్నాయి. అత్త పెద్దక్క యిర్దిక్ ఊరినుంచి పంపేవి అవి. కిందటి శరదృతువులో ఆ పెద్దావిడ చనిపోయింది. ఆమె పంపిన పిండి అయిపోయాక, చలికాలంలో బజారు బస్తాలు మొదలయ్యాయి. ఉతకాలని ఎవరికీ తోచని ఆ సంచుల్ని రుక్యే తిరగేసి, కుట్ల మూలలు విప్పి, పళ్ళెంలో దులిపింది. గిద్దెడు పిండి రాలింది. తెలుపే, కానీ మీగడ రంగు తెలుపు. నలిపితే కిరకిరలాడలేదు. నాలిక మీద వేసుకుంటే ఎక్కడో పచ్చి బఠాణీ వాసన.

ఆ గిద్దెడునీ కాచింది. తస్బీ సగానికి అది ఇంకా పాలలాగే ఉంది. ముప్పావుకి బరువెక్కింది. చివరి పూస దగ్గర తెడ్డుకి గట్టిగా ఎదురు తిరిగింది. టీ కప్పులో పోసి, చల్లార్చి, బోర్లించింది. కప్పు ఎలా ఉందో జున్నూ అలాగే, అంచు గీత కూడా చెదరకుండా నిలబడింది. వేలితో తడితే వణికి మళ్ళీ నిటారుగా నిలుచుంది.

రుక్యే పొయ్యి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన చెయ్యి కాదు. తన ప్రార్థనా కాదు. దేవుడు బఠాణీకొక ఓర్పు ఇచ్చాడు, దుంపకొక తొందర ఇచ్చాడు. మనుషులు రెంటినీ ఒకే బస్తా అనుకున్నారు.

వెల్లుల్లి మళ్ళనుంచి వచ్చిన భర్త ఇస్మార్ రెండు గిన్నెలూ, పక్కన కప్పు జున్నూ చూశాడు. కథంతా విన్నాడు. చేతికంటిన మట్టి దులుపుకుంటూ, "అయితే గొడవే లేదు. దుంపపిండిని సగానికి దించెయ్యి. అమ్మా సంతోషిస్తుంది, నీ తెడ్డూ నీకొస్తుంది" అన్నాడు.

"సగానికి దించితే గిన్నెలో నిలబడుతుందండీ. తుర్దుబెక్ అన్న కడుపులో నిలబడుతుందా?"

ఇస్మార్ ఆమెకేసి చూశాడు. "బఠాణీలెన్ని కావాలి?" అన్నాడు.

*

మొదటిసారి తొందరపడింది. ఎండు బఠాణీలని మరలో పిండి పట్టించి, ఆ పిండినే నేరుగా కాచింది. జున్ను ఆకుపచ్చగా, ముద్దగా, పచ్చివాసనతో వచ్చింది. అయినా ఇస్మార్ మర్యాదకి రెండు గిన్నెలు తిన్నాడు. ఐషెర్ ఆశకి మూడు తింది.

మర్నాడు పొద్దున ఐషెర్ నిజంగానే మంచం దిగలేదు. పొట్ట పట్టుకుని, "నీ మీద జాలిపడి ఉత్తుత్తి జ్వరం తెచ్చుకుంటానన్నాను గానీ, నిజం రోగం తెప్పించమన్నానా?" అని మూలిగింది.

"ఏమిటే ఇది? ఇంట్లో తెల్లారగట్ల నుంచి పెళ్ళి బాజాలు మోగుతున్నాయి" అంది హేవర్ అత్త. కొడుకు సిగ్గుతో పెరట్లోకి పోయాడు. దాచడానికి ఇంక ఏమీ లేదు. రుక్యే ఈసారి నానబెట్టిన బఠాణీల తొట్టి దగ్గర నిలబడి అంతా చెప్పేసింది, ఐషెర్ సగం తస్బీ ఒక్కటి తప్ప.

"పిండంతా పిండే" అంది అత్త. "చేసే చేతిని బట్టి ఉంటుంది."

"అలాగే అత్తా" అని రుక్యే తిరగలి ముందు కూర్చుంది. ఒకప్పుడు సోయా రుబ్బిన తిరగలి అది. నానిన బఠాణీలు గుప్పెడు గుప్పెడు వేస్తూ, నీళ్ళు పోస్తూ తిప్పింది. చిక్కటి పాలు తొట్టిలోకి కారాయి. గుడ్డలో పోసి పిండింది. అత్త గుమ్మంలో పీట వేసుకుని టీ తాగుతూ కూర్చుంది. చూడనట్టే కూర్చుంది.

పాలు తేరుకున్నాక రుక్యే పైనీళ్ళు వంపి, కింద పేరుకున్న ముద్దని చేత్తో తీయబోయింది.

"ఆగాగు! తియ్యకే!"

టీ కప్పు గడప మీదే ఉండిపోయింది. అత్త వచ్చి తొట్టి పక్కన గొంతుక్కూర్చుంది.

"అందుకే ఇంట్లో బాజాలు. ఆ పైన పచ్చగా జారుతోంది చూడు, అది పనికిరాదు. దాన్ని గీకెయ్యాలి, ఆవుకి పెట్టాలి. కింద గట్టిగా పాతుకుంది చూడు, అదీ పిండి. దాన్ని మళ్ళీ కొత్తనీళ్ళలో కలిపి మళ్ళీ తేర్చాలి. నీళ్ళు మన బావి నీళ్ళలా అయ్యేదాకా. వాసన పోయేదాకా. కడక్కుండా వండితే కడుపులో గొడవ పెట్టకేం చేస్తుంది?"

"మీకెలా తెలుసత్తా?"

"ఎలా ఏంటే, మా అక్కా నేనూ ఈ పనిలోనే పెరిగాం. అది రుబ్బేది, నేను కడిగేదాన్ని." ఎడమచెయ్యి నీళ్ళలో పెట్టి అడుగు తడిమింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. "పెళ్ళయ్యాక కడిగే పనీ అదే చేసుకుని, ఎండబెట్టి పంపేది. సంచి విప్పడమే నా వంతు. అది పోయాక బజారు పిండి తెచ్చుకున్నాం. తెల్లగానే ఉంది, మెత్తగానే ఉంది. తేడా ఉంటుందని నాకు తోచనే లేదు."

ఇద్దరూ ఆ రోజూ మర్నాడూ నీళ్ళు మారుస్తూనే ఉన్నారు. రుక్యే వంపేది, అత్త పసుప్పచ్చ పొరని చెక్కగరిటెతో వెంట్రుక మందాన గీకేది. చివరికి తొట్టి అడుగున సున్నం పూసినంత తెల్లగా మిగిలింది. పెరట్లో దుప్పటి పరిచి ఎండబెడితే పగుళ్ళు తీసింది. ఐషెర్ ఆ దరిదాపుల్లోకి రాలేదు. బఠాణీ మాట వింటేనే పొట్ట పట్టుకుంటోంది.

*

శుక్రవారం పొద్దున సందులోకి అడుగుపెడుతూనే అత్త, "కళాయి నువ్వే పెట్టు" అంది రుక్యేతో. తెడ్డు మాత్రం ఇవ్వలేదు. దాన్ని చంకలో ఇరికించుకుని బెంచీలు నిండేదాకా ఎదురు చూసింది. నీళ్ళు తెర్లుతున్నాయి. రుక్యేకి ఏం అర్థం కాలేదు.

తుర్దుబెక్ వచ్చి కూర్చున్నాడు. చివరి కొట్టుకి పోతున్న ఇద్దరు ముసలివాళ్ళని అత్త కేకేసి కూర్చోబెట్టింది. పక్క కొట్టామె కూడా బయటికొచ్చి నిలబడ్డాక తెడ్డు తీసి రుక్యేకి చాపింది.

"అందరి ముందూ లాక్కున్నాను. అందరి ముందే ఇవ్వాలి. పట్టుకో."

రుక్యే పట్టుకుంది. మొదటి సలవాత్ పలికింది. పిండినీళ్ళు ధారగా పోసింది. తెడ్డు తిప్పుతూ ఒక్కో పూసా జరిపింది. ముసలివాళ్ళు కూడా పెదాలు కదుపుతూ ఆమెతోపాటు అందుకున్నారు. సగం దండ అయింది. కళాయిలో పాలలాగే ఉంది.

"దించేయవే, నీళ్ళయిపోతుంది!" ఐషెర్ అలవాటుగా అరిచేసింది. అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అత్త తిరిగి చూసింది. "సగానికి దించాలని నీకెవరు చెప్పారే?"

"అదీ... అత్తా... నా జబ్బ..."

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు సగమే చదివావా?"

"సగమని ఎవరన్నారు? సగానికి కాస్త తక్కువే" అంది ఐషెర్, దొరికిపోయాక అబద్ధమెందుకన్నట్టు. బెంచీల మీద నవ్వులు పేలాయి. తుర్దుబెక్ చెంచా కింద పడేసుకున్నాడు. అత్త ముందు కోపంగానే నోరు తెరిచింది. మధ్యలో ఆమె చూపు రుక్యే చేతిలో ఇంకా జరుగుతున్న పూసల మీద పడింది. మొహం మారిపోయింది.

"అయ్యో నా తల్లీ" అంది మెల్లగా. "అన్నీ చదివినందుకా నిన్ను గిన్నెల దగ్గర కూర్చోబెట్టాను?"

రుక్యే ఇంకో పూస జరిపింది. దండ ఇంకా పూర్తి కాలేదు మరి.

తెడ్డు బరువెక్కింది. కళాయిలో బుడగలు లేచి, ఫట్‌ఫట్‌మని పగిలాయి. చివరి పూస దగ్గర రెండు చేతులూ పట్టి తిప్పాల్సొచ్చింది. గిన్నెల్లో పోసి చన్నీళ్ళ తొట్టిలో పెట్టారు. అంతసేపూ ఎవరూ లేవలేదు. శుక్రవారం బజారులో అలా కూర్చోవడానికి ఎవరికి తీరిక? అయినా కూర్చున్నారు.

బోర్లించినప్పుడు గిన్నె ఆకారంలోనే దిగింది జున్ను. బల్ల మీద ఒక్క చుక్క నీరు లేదు. రుక్యే చిల్లుల రేకు ఆనించి గుండ్రంగా తిప్పింది. పోగులు వచ్చాయి. ఒకటి తెగకుండా, ఒకదానికొకటి అంటుకోకుండా, జడపాయల్లా మెరుస్తూ వచ్చాయి. సేమ్యా, పులుపు రసం, వెల్లుల్లి ఘాటున్న జూసై ఆకు, ఎర్రటి కారం వేసి మొదటి గిన్నె తుర్దుబెక్ ముందు పెట్టింది. అతను ఒక్క ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు.

"పళ్ళకింద కరకరమంటోంది, చెల్లెమ్మా" అన్నాడు. "నాలిక మాట సరే. కడుపు మాట రేపొచ్చి చెప్తాను."

*

మర్నాడు అతను వ్యాను సందు మొదట్లో ఆపి, హారను కొడుతూనే దిగాడు. సందంతా వినాలనే కొట్టాడు.

"హేవరక్కా! చోల్పోన్‌అతాలో ఆగలేదు. బాలిక్చీలో ఎండుచేపలవాళ్ళు పిలిచినా ఆగలేదు. కునుకు లేదు, పొట్టలో బరువు లేదు, బిష్కెక్ స్టాండులో దిగాక గుర్తొచ్చింది నాకొక కడుపుందని! షుగర్ మిషను కూడా ఎగిరి గంతెయ్యకుండా బుద్ధిగా ఉంది. ఇంకో గిన్నె పొయ్యి. ఇదిగో, నా వ్యానులోవాళ్ళందరూ దిగుతున్నారు, వాళ్ళకీ పొయ్యి."

బెంచీలు చాల్లేదు. పక్క కొట్టామె తన బెంచీ తెచ్చి వేసి, "పిన్నీ, మీ బఠాణీ పిండి నాకూ కాస్త ఇస్తారా?" అని అత్తని గుసగుసగా అడిగింది.

"పిండివ్వను. కడగడం నేర్పిస్తాం, సోమవారం రా" అంది అత్త. "నేను కాదు, మా చిన్నకోడలు నేర్పిస్తుంది."

ఐషెర్ పిరోష్కీలు వేయిస్తూ, "నాకీ పనే బాగుంది, దీనికి తస్బీ లేదు" అంది. అత్త గరిటె ఎత్తింది. ఐషెర్ నవ్వుతూ తప్పుకుంది.

రెండో కళాయి పెట్టాల్సొచ్చింది. రుక్యే పిండినీళ్ళు పోసి తెడ్డు అందుకుంది. వెనక నీళ్ళ చప్పుడైతే తిరిగి చూసింది. హేవర్ అత్త కోటు చేతులు పైకి మడిచి, గిన్నెల తొట్టి ముందు ఇన్నాళ్ళూ రుక్యే కూర్చున్న పీట మీద కూర్చుని ఎడమచేత్తో గిన్నెలు తోముతోంది.

రుక్యే చేతిలో తెడ్డు ఆగబోయింది. "అత్తా, మీరు లేవండి. అవి నేను చేసుకుంటాను."

"తెడ్డు ఆపకే" అంది అత్త తలెత్తకుండా. "ఇంకా సగం దండ ఉంది."